ఆఖరి కాజా వెనక ఎర్ర దారం

మా బావకు అక్షరం ముక్క రాదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాదు, నిజమే. బస్సు బోర్డు మీద ఏముందో, మందు సీసా మీద ఏముందో తెలియాలంటే నన్నో అక్కనో పిలుస్తాడు. కానీ ఒక చొక్కా కాలరు తిరగేసి ఆయన ముందు పెట్టండి. అది ఏ వీధిదో, ఏ ఇంటిదో, ఆ ఇంట్లో పెద్దాడిదో చిన్నాడిదో రెప్ప వేసేలోగా చెప్పేస్తాడు. ఆ చదువు ఏ కాలేజీలో చెబుతారో చెప్పండి చూద్దాం.

మాది లాండ్రీ. వెనక పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు, మూడు వరసల తీగలు. ముందు గదిలో రోడ్డుకేసి వేసిన రెండు ఇస్త్రీ బల్లలు, గోడ పొడుగునా చెక్క అరలు. ఉతకడం అక్క పని, ఇస్త్రీ నాదీ బావదీ, మూటలు ఇళ్ళకు చేర్చడం బావ పని. నా మొగుడు నన్ను వదిలేశాడా, నేనే వాడిని వదిలేశానా అన్నది వేరే కథ. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక్క సంచీతో అక్క ఇంటికొచ్చి ఆ రెండో బల్ల దగ్గర నిలబడ్డాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నోరు మాత్రం వెంట తెచ్చుకున్నాను. “నీ నోటి వేడి చాలు మరదలా, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు దండగ” అని బావ అంటే, “నీ బుర్రలో ఉన్న గంజి చాలు బావా, బట్టలకు వేరే కాయక్కర్లేదు” అని నేను అనేదాన్ని. రోజూ ఏదో ఒక వంకతో అలా అనుకోకపోతే మాకు పొద్దు గడిచేది కాదు.

బట్టలు మాకు వేసే ఇళ్ళన్నిటికీ గుర్తులుండేవి. చెరగని నల్ల సిరాలో పుల్ల ముంచి కాలరు లోపల, ప్యాంటైతే నడుము పట్టీ లోపల పెట్టేవాళ్ళం. డాక్టరుగారింటికి రెండు గీతలు. పోస్టాఫీసు గుమాస్తా ఇంటికి చుక్క, దాని చుట్టూ సున్నా. లెక్కల మాస్టారి ఇంటికి మూడు చుక్కలు, కింద అడ్డగీత. ఒకసారి గుర్తిచ్చామంటే ఆ ఇల్లు ఉన్నంతకాలం అదే. బట్టలు ఇంట్లోనే ఉతుక్కునేవాళ్ళకు మాత్రం మా దగ్గర గుర్తు ఉండేది కాదు. ఊళ్ళో సగం మంది అలాంటివాళ్ళే.

ఇప్పుడు చెప్పబోయే సంగతి ఒకప్పుడైతే నా పీక నొక్కినా చెప్పేదాన్ని కాదు. గుర్తులున్న ఇళ్ళ బట్టలు గుర్తుల్లేని ఇళ్ళవాళ్ళకు ఒక పూట తొడుక్కోవడానికి ఇచ్చేవాళ్ళం. ఉద్యోగం కోసం పెద్దమనుషుల ముందు నిలబడాలి, ఫొటో దిగాలి, కోర్టుకెళ్ళాలి, ఉన్నది ఒక్కటే చొక్కా, దానికీ మోచేతి దగ్గర చిరుగు. అలాంటివాడు పెరటి గుమ్మంలోంచి వచ్చి తలగోక్కుంటూ నిలబడేవాడు. బావ వాడి భుజాలు ఒకసారి చూసి, అరలోంచి సరిగ్గా వాడి కొలతది తీసిచ్చేవాడు. కొందరు చేతిలో ఏదో పెట్టేవాళ్ళు, కొందరు దండం పెట్టేవాళ్ళు. తప్పా అంటే తప్పే. సొంతదారుకు తెలిస్తే తన్నడూ మరి!

అందుకే అక్క ఒక నియమం పెట్టింది. అరువు వెళ్ళే ప్రతి చొక్కాకూ ఆఖరి కాజా వెనక, లోపలివైపు, ఎర్ర దారంతో రెండు కుట్లు వేసేది, ప్యాంటైతే నడుము పట్టీ లోపల. తిరిగొచ్చాక ఆ చొక్కాను రెండుసార్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు దారం తెంపి ఇంటికి పంపేది. “పరాయి ఒంటి చెమట ఇల్లు చేరకూడదే” అనేది. ఎర్ర దారం ఉందంటే ఆ బట్ట ఇంకా బయట తిరుగుతోందని, ఇంటికి చేరలేదని మా ముగ్గురికీ తెలుసు. నాలుగో మనిషికి తెలియదు.

మా బల్లల ఎదురుగా, రోడ్డుకు అవతల, సైకిళ్ళకు పంచర్లు వేసే పెద్దాయన దుకాణం. పెళ్ళాం పోయింది, ఒక్కడే కొడుకు. ముప్పై ఏళ్ళవాడు, ఒడ్డూపొడుగూ ఉన్నవాడు, తండ్రితో పాటు గొట్టాలు అతుకుతూ ఉండేవాడు. ఎవరో చెప్పగా పక్క ఊరి బ్యాంకులో కాపలా ఉద్యోగానికి మనుషుల్ని చూస్తున్నారని తెలిసి వాడికి ఆశ పుట్టింది. ఆ పొద్దున తండ్రీ కొడుకులు రోడ్డు మీదే పోట్లాడుకున్నారు, నేను ఇస్త్రీ చేస్తూ విన్నాను. “పంచర్లేసుకునేవాడికి బ్యాంకు దేనికిరా? గేటు దగ్గరే తరిమేస్తారు ఫో!” అన్నాడు పెద్దాయన. వాడు సందు తిరిగి, మా పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. బావ లెక్కల మాస్టారి నీలం చారల చొక్కా ఇచ్చాడు. అక్క రెండు ఎర్ర కుట్లు వేసింది. వాడు తన పాత గోధుమరంగు చొక్కా మా దగ్గర వదిలేసి, తండ్రి కంట పడకుండా వెనక సందులోంచే బస్సు కోసం సంతకేసి వెళ్ళాడు.

అదే పొద్దున లెక్కల మాస్టారు కూడా కూరగాయలకని సంతకు వెళ్ళారు. ఆయన ఒంటి మీద ఉన్నది గళ్ళ చొక్కా. దానికీ మా గుర్తే, ముందురోజు నేనే ఇస్త్రీ చేశాను.

అప్పటికి యుద్ధం మూడో ఏడు. కొండల్లో జరుగుతోంది, మన జోలికి రాదు అనుకుంటూ బతుకుతున్నాం. ఆ పూట సంతలోకి లారీల్లో సైనికులు దిగారు. చేతికందిన మగవాళ్ళను, యాభై మందో అరవై మందో, లారీలెక్కించుకుని పోయారు. లెక్కల మాస్టారూ ఇల్లు చేరలేదు. సాయంత్రం రేడియోలో, కొండల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో ముప్పై ఒక్కమంది సాయుధులు చచ్చారని చెప్పారు. సంచుల్లో వంకాయలు పెట్టుకుని తిరిగే సాయుధులు! అడగడానికి వెళ్ళినవాళ్ళను గేటు దగ్గరే ఆపి, “మీవాళ్ళు కొండల్లోకి పారిపోయి తిరుగుబాటుదార్లలో కలిశారు, మీరే మాకు జవాబు చెప్పాలి” అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

పంచర్ల పెద్దాయన మాత్రం కొడుకు తన మీద అలిగి పోయాడనే అనుకున్నాడు. నేనేం అనుకున్నానో కూడా చెప్పాలి, దాచను. లారీలు రాకముందే బస్సెక్కి, మాస్టారి చొక్కాతో వాడు ఉడాయించాడని నాలుగేళ్ళు వాడిని తిట్టాను. “ఎక్కడున్నాడో దొరబాబు, నీలం చారల చొక్కాలో!” అనేదాన్ని. నా నోరు పడిపోను.

యుద్ధం ముగిశాక, సంతలో మనుషుల్ని పట్టుకుపోయిన నాలుగో ఏట, వానలకు ఇటుకబట్టీ వెనక గట్టు తెగింది. ఎముకలు బయటపడ్డాయి. తవ్వితే ముప్పై ఒక్క మంది. మీద సున్నం పోసి పూడ్చారు. ఆ సున్నం వల్ల ఎముకల నుంచి ఎవరు ఎవరో తేల్చే పరీక్షలు కుదరవన్నారు. మిగిలినవి బట్టలే. వాటిని బడి హాల్లో బల్లల మీద పరిచి, ఒక్కోదానికి ఒక్కో అంకె పెట్టి, ఊళ్ళోవాళ్ళను వచ్చి చూడమన్నారు. మట్టి రంగు పట్టిన గుడ్డపేలికలు అవి. కట్టుకున్న పెళ్ళాలే పోల్చలేకపోయారు. అప్పుడు ఎవరో, “లాండ్రీ ఆయన్ని పిలవండి” అన్నారు.

బావ వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఒక్కో కాలరూ బొటనవేలితో రుద్ది, వెలుగుకు పెట్టి చూసి, ఇల్లు చెప్పాడు. “చుక్క, చుట్టూ సున్నా. పోస్టాఫీసు గుమాస్తా తమ్ముడు.” “రెండు నిలువులు, ఒక అడ్డం. మందుల షాపు యజమాని.” చెప్పిన ప్రతిసారీ వెనకనుంచి ఒక ఏడుపు లేచేది. మేం పెట్టిన సిరా మట్టిలో నాలుగేళ్ళు ఉండి కూడా చెరగలేదు. దానికి గర్వపడాలో గుండెలు బాదుకోవాలో నాకు తెలియలేదు.

పదిహేడో బల్ల దగ్గర బావ కాలరు తిరగేశాడు. “మూడు చుక్కలు, అడ్డగీత” అన్నాడు. అంతే, మాస్టారి భార్య ఆ చొక్కాను రెండు చేతులా లాక్కుని గుండెలకు హత్తుకుంది. మేమంతా అమ్మగారు అని పిలిచే మనిషి ఆవిడ. నాలుగేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎక్కడా కన్నీటి చుక్క రాల్చని మనిషి. “వచ్చారు, ఇంటికి వచ్చేశారు” అంటూ అక్కడే కూలబడింది. బావ నోరు తెరిచి మళ్ళీ మూసుకోవడం నేను చూశాను. పాపం, కళ్ళు చెమర్చి ఉంటాయి అనుకున్నాను.

మొత్తం ఇరవై రెండు పేర్లు చెప్పాడు. తొమ్మిది బట్టలకు గుర్తుల్లేవు. పంచర్ల పెద్దాయన ఆ తొమ్మిదీ ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఒక్కటీ తన కొడుకుది కాదు. మా దగ్గరకొచ్చి బావ భుజం తట్టి, “మావాడు ఇందులో లేడ్రా అబ్బాయ్. ఎక్కడో బతికే ఉన్నాడు” అని నవ్వాడు. అన్నేళ్ళ తర్వాత ఆయన నవ్వడం అదే చూశాను.

ఆ మర్నాడే బావ తన బల్లను తిప్పేసి గోడవైపు మొహం పెట్టుకుని ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. “ఏం బావా, గోడలో ఎవరైనా పిల్లనిస్తామన్నారా?” అన్నాను. రోడ్డు దాటి పెద్దాయనతో టీ తాగడం మానేశాడు. అమ్మగారింటి మూట నన్నే తీసుకెళ్ళమనేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. ఆ రెండేళ్ళూ అమ్మగారు పొద్దున్నే, పదిహేడో నంబరు ఎముకలు పూడ్చి కట్టిన మాస్టారి సమాధి దగ్గరకెళ్ళి, నాటిన పూలమొక్కకు నీళ్ళు పోసి, అక్కడే కాసేపు కూర్చుని బడికి పోయే పిల్లల్ని చూసి వచ్చేది. పెద్దాయన దుకాణం ముందు ఆగిన ప్రతి బస్సుకేసీ తలెత్తి చూసేవాడు.

అప్పుడు పట్నం నుంచి కమిషన్ వచ్చింది. చచ్చినవాళ్ళు సాయుధులా, మామూలు జనమా అన్నది తేల్చాలి. జనమే అని తేలితే కాల్చినవాళ్ళ మీద కేసు నడుస్తుంది. దీనికంతటికీ ముఖ్యసాక్షి మా బావ. వాళ్ళు సంతకొచ్చిన ఇళ్ళవాళ్ళే అని చెప్పగలిగేవి ఆ గుర్తులే. కాగితం వచ్చిన పూట బావ నన్నూ అక్కనూ తొట్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు.

“పదిహేడు మాస్టారు కాదే. అమ్మగారు లాక్కున్నప్పుడు చొక్కా అంచు తిరగబడింది. ఆఖరి కాజా వెనక ఎర్ర దారం ఉంది.”

అక్క తడిచేత్తో నోరు మూసుకుంది.

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“ఎలా చెప్పనే? ఆవిడ ఇంటికొచ్చారు ఇంటికొచ్చారు అంటోంది. చెబితే ఊరి బట్టలు అరువిచ్చామని చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.”

మూడు రోజులు మా ఇంట్లో అదే గొడవ. అక్క వద్దంది. “కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఒక్క గుర్తు తప్పంటే మిగతా ఇరవై ఒకటీ నమ్ముతారా? అన్ని ఇళ్ళవాళ్ళ నోట్లో మట్టి కొడతావా?” నేనూ వద్దన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వద్దన్నాను. అమ్మగారికి ఒక సమాధి ఉంది, పెద్దాయనకు ఒక ఆశ ఉంది, కదపడం దేనికి అన్నాను.

“ఆశ కాదే అది” అన్నాడు బావ. “తన మాటకు కోపమొచ్చి కొడుకు రావట్లేదనుకుంటున్నాడు. నాకు తెలిసి కూడా ఎదురుగా కూర్చుని ఇస్త్రీ చేసుకుంటున్నాను. చచ్చినవాడు ఎవరిదో చొక్కాలో, ఎవరిదో పేరు కింద ఉన్నాడు. వాడిని ఇంటికి పంపించాలా వద్దా?”

చనిపోయినవాళ్ళ తరఫున వాదించే లాయరమ్మకు చెప్పాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “మిమ్మల్ని అబద్ధం చెప్పమని నేను అనను. కానీ ఎర్ర దారం గురించి కమిషన్‌వాళ్ళకు తెలియదు. వాళ్ళు అడగరు. మీరు చెబితే కేసు మొత్తం పోవచ్చు. ఆలోచించుకోండి” అంది. అందులో ఆవిడ తప్పేం లేదు. ఆరేళ్ళుగా ఆ ఇళ్ళ కోసం తిరుగుతున్న మనిషి.

విచారణకు ముందే అమ్మగారికీ పెద్దాయనకూ చెప్పాలని బావ అనుకున్నాడు. మా సైకిలు తోసుకుంటూ ఒక్క పూటలో రెండుసార్లు రోడ్డు దాటాడు, రెండుసార్లూ గాలి కొట్టించుకుని తిరిగొచ్చాడు. “గాలి నిండుగానే ఉంది కదరా అబ్బాయ్, టైరు పేల్చుకుంటావా?” అన్నాడట పెద్దాయన. అమ్మగారింటికి మూట తీసుకెళ్ళి, మూట ఇచ్చి వచ్చాడు.

విచారణ పాత ధాన్యం గోదాములో జరిగింది. ఊరంతా దుకాణాలు మూసి వచ్చింది. ముగ్గురు జడ్జీలు, నడుమ కూర్చున్నది తెల్లజుట్టు పెద్దావిడ. బల్ల మీద బట్టలు అంకెలు వేసిన సంచుల్లో ఉన్నాయి. ఒకటి నుంచి బావ చెప్పుకుంటూ వచ్చాడు. పదిహేడో సంచీ వచ్చింది.

“పదిహేడు?” అంది పెద్దావిడ.

“గుర్తు మాస్టారి ఇంటిదేనండీ. మనిషి మాత్రం మాస్టారు కాదండీ.”

బావ చెప్పేశాడు. అరువు సంగతి, ఎర్ర దారం సంగతి, రెండేళ్ళు నోరు మూసుకున్న సంగతి, ఏదీ మిగల్చలేదు. ఎవరి ఒంటి మీదకు ఇచ్చాడో ఆ పేరూ చెప్పాడు. పెద్దాయన ఎక్కడ కూర్చున్నాడో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

సైన్యం తరఫు లాయరు లేచాడు. మొహం వెలిగిపోతోంది మహానుభావుడికి.

“అంటే మీరు జనం బట్టలు దొంగచాటుగా అద్దెకిచ్చే మనిషి. ఈ ఇరవై రెండింట్లో ఏది ఎవరి ఒంటి మీద ఉందో మీకేం తెలుసు? కొండల్లో ఉండేవాళ్ళకు కూడా ఇచ్చి ఉండొచ్చుగా?”

“ఇచ్చినవాటికి దారం ఉంటుందండీ. మిగతావి విప్పి చూడండి.”

పెద్దావిడ విప్పమంది. ఒక్కో సంచీ తెరిచి, చొక్కా అంచు తిరగేసి, ప్యాంటయితే నడుము పట్టీ తిరగేసి, కమిషన్ గుమాస్తా బిగ్గరగా చెప్పాడు. “లేదు.” “లేదు.” ఇరవై ఒక్కసార్లు లేదు అన్నాడు. పదిహేడు విప్పాక మాట్లాడలేదు, వేలితో చూపించాడు. మట్టి పట్టి నల్లబడింది కానీ ఎర్ర దారమే.

“ఈ దారం కథ ఇవాళ అల్లినదే కదా?” అన్నాడు లాయరు. “ఇలాంటి కుట్టు ఇంతకుముందు ఎవరైనా చూశారా?”

ఎవరు లేస్తారు? అందరూ తలలు దించుకున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎవరికి వాళ్ళు చూసుకుంటున్నారు. ఇంతలో మూడో వరసలోంచి బ్యాంకు మేనేజరు లేచాడు. టై కట్టుకుని కారులో తిరిగే మనిషి. చెవులు ఎర్రబడ్డాయి.

“నేను చూశానండీ. నా మొదటి ఉద్యోగానికి డాక్టరుగారి చొక్కా వేసుకెళ్ళాను. కాజా వెనక ఎర్ర దారం కితకితలు పెడుతుంటే పెద్దమనుషుల ముందు గోక్కోలేక చచ్చాను.”

గోదాములో కొందరు నవ్వారు. ఆయన తర్వాత బడి గుమాస్తా లేచాడు, ఆయన వెనక ఒక డ్రైవరు, తమ్ముడి కోసం చొక్కా పట్టుకెళ్ళిన ఒక నర్సు. పదకొండు మంది లేచారు. మా రహస్యం ఇంతమందికి తెలుసని అప్పుడే తెలిసింది నాకు.

బావ తన సంచీలోంచి పాత గోధుమరంగు చొక్కా తీశాడు. ఆరేళ్ళు అర కింద దాచి, ఉతికి మడతపెట్టి ఉంచినది. “ఇది వాడు మా దగ్గర వదిలేసిందండీ. తిరిగొచ్చి తీసుకుంటానన్నాడు.” దాని మోచేతి మీద సైకిలు సీట్లు కుట్టే లావు దారంతో వేసిన మాసిక ఉంది.

“అది నేను కుట్టిందే” అన్నాడు పెద్దాయన. అప్పటికి లేచి నిలబడి ఉన్నాడు.

పెద్దావిడ డాక్టరు నివేదిక తిరగేసింది. “పదిహేడో నంబరుకు ఎడమ మోకాలి కింది ఎముక చిన్నప్పుడెప్పుడో విరిగి అతుక్కుందని రాశారు. మీ అబ్బాయికి…”

“తొమ్మిదేళ్ళప్పుడు దుకాణం కప్పు మీంచి పడ్డాడండీ. ఎడమ కాలే. నేనే ఎత్తుకుని పరిగెత్తాను.” ఆయన జడ్జీలకేసి చూస్తూ మామూలుగా చెప్పుకుంటూ పోయాడు. “ఆ పొద్దున నేనేమన్నానో తెలుసా అమ్మా? పంచర్లేసుకునేవాడికి బ్యాంకు దేనికిరా, గేటు దగ్గరే తరిమేస్తారు అన్నాను. కోపం తగ్గాక వస్తాడని ఆరేళ్ళు కూర్చున్నాను. వాడికి నా మీద కోపం తగ్గడానికి కూడా టైము ఇవ్వలేదు కదమ్మా వీళ్ళు.”

నేను ఏడ్చాను. నాతో పాటు గోదామంతా ఏడ్చింది. ఏడవనిది ఒక్క అమ్మగారే. బయటకొచ్చాక మెట్ల మీద బావకు అడ్డం నిలబడింది.

“రెండేళ్ళు ఎవరి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టావయ్యా నన్ను? తెలిసి కూడా!”

ఆవిడ మా లాండ్రీకి బట్టలు పంపడం మానేసింది.

ఆవిడేమిటి, మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు వరస కట్టారు జనం. తమ బట్టలు తీసుకుని అక్కడే కాజాలు తిరగేసి చూసుకున్నారు. దొంగలు దొంగలు అని మమ్మల్ని ఎక్కువ తిట్టినవాడే ఒకప్పుడు పెరటి గుమ్మంలోంచి వచ్చి పోస్టాఫీసు గుమాస్తా కోటు పట్టుకెళ్ళినవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. “కోటు బాగా నప్పింది బాబూ నీకప్పుడు” అన్నాను గట్టిగా. అక్క నా చెయ్యి గిల్లింది. అరలు సగం ఖాళీ అయ్యాయి. కానీ బావ తన బల్లను మళ్ళీ రోడ్డుకేసి తిప్పుకున్నాడు.

నివేదిక ఎనిమిది నెలలకు వచ్చింది. నేనే చదివి వినిపించాను. ముప్పై ఒక్కరూ ఆయుధాల్లేని మామూలు జనమే అని రాశారు. తన తప్పు తానే బయటపెట్టుకున్న ఈ సాక్షి మిగతా మాటలను నమ్మకపోవడానికి కారణం కనబడలేదు అని రాశారు. ఆ వాక్యం బావ నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. లాయరమ్మ వచ్చి ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకుని వెళ్ళింది. కాల్చమన్న అధికారుల మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఒకాయన పెద్ద పదవిలో ఉండగానే పోయాడు. న్యాయం జరిగిందా అంటారా? రేడియో చెప్పింది అబద్ధం అని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది, అంతవరకూ జరిగింది.

సమాధి మీద మాస్టారి పేరు తీసి పెద్దాయన కొడుకు పేరు పెట్టారు. పేరు పెట్టిన రోజు పెద్దాయన పూలమొక్క పీకనివ్వలేదు. అమ్మగారింటికి వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి చెప్పాడట. “రెండేళ్ళు మా వాడికి మీరే నీళ్ళు పోశారు తల్లీ. తండ్రిని నేనుండీ రాలేకపోయాను. మీకు కూర్చోవాలనిపిస్తే రండి. వాడేం అనుకోడు.” ఆవిడ తలుపు తీయలేదని ఒకరన్నారు, తీసి ఏడ్చిందని ఒకరన్నారు. సమాధి దగ్గరకు మాత్రం వెళ్ళలేదు.

మొన్న ఎండాకాలంలో రాళ్ళ క్వారీ దగ్గర రెండో గుంత బయటపడింది. ఇరవై మంది దాకా ఉంటారన్నారు. మళ్ళీ బల్లలు వేశారని విన్నాం. బావను ఎవరూ పిలవలేదు. పిలుస్తారని ఆయనా అనుకోలేదు. ఆ పొద్దున నేను దుప్పట్లు మడతపెడుతుంటే అమ్మగారు మెట్లెక్కి వచ్చింది. రెండున్నరేళ్ళ తర్వాత మా గుమ్మం తొక్కడం. బావ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

“పద. గళ్ళ చొక్కాలు రెండున్నాయట అక్కడ” అంది.

“నా మాట ఎలా నమ్ముతారమ్మా?”

“తప్పు చెప్పిందీ నువ్వే, తప్పని ఊరందరి ముందూ ఒప్పుకుందీ నువ్వే. ఇంకెవరిని నమ్మను?” ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఈసారి కాలరు ఒక్కటే చూడకు. ఆఖరి కాజా కూడా చూడు. చూసి, అప్పుడు నా చేతికివ్వు.”

బావ చెప్పులు వేసుకున్నాడు. నేను బొగ్గుల మీద నీళ్ళు చల్లి, తాళం తీసుకున్నాను. రోడ్డు అవతల పెద్దాయన మమ్మల్ని చూసి, చేతిలో ఉన్న చక్రం గోడకు ఆనించి, చేతులు తుడుచుకుంటూ మా వెంట నడిచాడు.